వాన కోసమని చేసిన ఉపవాసం

జ్ఞానమణికి ఆ మాట భర్త చెప్పలేదు, చెల్లెలూ చెప్పలేదు. అంతకుముందు ఒక్కసారి కూడా చూడని డాక్టరమ్మ చెప్పింది. అదీ, ఈమెకు ఎప్పుడో తెలిసే ఉంటుందనుకొని చెప్పింది.

వాళ్లది నందికొట్కూరు పక్క పల్లె. భర్త దాసన్నకు రెండెకరాల మెట్ట. జ్ఞానమణి ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. రెండేళ్ల కిందట పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ బయటపడింది. కర్నూలులో ఆపరేషన్ చేసి, గడ్డ ఉన్నంత మేర పేగు కోసి తీసేశారు. తర్వాత ఆరు నెలలు నరానికి మందు ఎక్కించారు. ఆ ఆరు నెలలూ ఆమె మనిషి కాదు. చన్నీళ్ల చెంబు ముట్టుకుంటే వేళ్లకు కరెంటు కొట్టినట్టయ్యేది. అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పేది. బడి పిల్లలందరికీ వండి పెట్టిన మనిషి తన ఇంటి పొయ్యి దగ్గరికే పోలేకపోయింది.

ఆ రోజుల్లోనే ఒకసారి వార్డులో పడుకొని, చెల్లెలు ప్రసన్నకుమారి చెయ్యి పట్టుకుంది. ప్రసన్న కడపలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. తల్లి పోయేనాటికి ఇంకా పాలు మరవని పిల్ల. చంకనేసుకొని పెంచింది జ్ఞానమణే.

"పాపా, ఇది మళ్లా వస్తే నాకు నువ్వు చెప్పల్ల. మీ బావ చెప్పడు. ఆయప్పకు గుండె సాలదు. నువ్వు చెప్పల్ల."

"చెప్తాలేక్కా."

"లే గీ కాదు. గట్టిగా చెప్పు. అమ్మకు ఏం జరిగిందో నీకు తెల్దు, నేను చూసినా."

తల్లికి గర్భసంచిలో జబ్బు. ఇంట్లో పెద్దవాళ్లంతా కూడబలుక్కొని ఆమెకు వేడి చేసిందని చెప్పారు. ఆమె మజ్జిగ తాగుతూ, తగ్గుతుంది తగ్గుతుంది అనుకుంటూ మంచంలోనే ఎండిపోయింది. చివరి రోజుల్లో చుట్టాలు వరసగా వచ్చి చూసిపోతుంటే, "వేడి చేస్తే ఇంతమంది ఏంటికి వస్తాండారు పాపా?" అని జ్ఞానమణిని అడిగింది. పన్నెండేళ్ల పిల్ల ఏం చెబుతుంది? తల్లి అనుమానంతోనే పోయింది. ఎవరికి ఏం చెప్పాలనుకుందో చెప్పకుండానే పోయింది.

అదంతా విని ప్రసన్న కళ్లు తుడుచుకుంది. అక్క అరచేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది.

తర్వాత జ్ఞానమణి కోలుకుంది. ఒళ్లు చేసింది. బడి గరిటె మళ్లీ పట్టుకుంది. మే నెలలో మామూలుగా చేయించుకునే స్కాన్‌కు కర్నూలు పోతే, ప్రసన్న కూడా కడప నుంచి వచ్చింది. చెల్లెలూ, భర్తా డాక్టరు గదిలోకి పోయారు. లోపల ఏసీ చలికి వేళ్లు లాగుతాయని జ్ఞానమణి బయట బెంచీ మీద కూర్చుంది. వాళ్లు చాలాసేపటికి గాని రాలేదు.

"పేగంతా బాగుండాదంటక్కా" అంది ప్రసన్న. "ఊపిరితిత్తిలోనే రెండు మచ్చలు ఉండాయంట. ఇన్నేళ్లు కట్టెల పొయ్యి పొగ పీల్చినావు గదా, దానికి."

"అయితే ఏం జేయల్లంట?"

"పొగ దగ్గరికి పోగూడదంట. మూడు నెలలాగి మళ్లా చూస్తామన్నారు."

జ్ఞానమణి నమ్మింది. చెల్లెలు చెప్పిన మాట, పైగా నర్సు చెప్పిన మాట. బడి తెరిచేలోగా వంట పని మానేసింది. వెనక వీధి సుబ్బరత్నమ్మను పిలిచి, ఏ తరగతిలో ఎవరు పప్పు ముట్టరో, ఎవరికి గుడ్డు పడదో చెప్పి పని అప్పజెప్పింది. ఇంటికొచ్చి గడపలో కూర్చుంటే చేతులు ఊరికే ఉన్నాయి. పొగ పాడుగాను అని పొయ్యిని తిట్టుకుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. జూన్‌లో చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలు పెట్టారు. ఊళ్లో సగం చేలు బీళ్లుగా ఉన్నాయి కాబట్టి, వాన కోసమని దాసన్న చెబితే ఆమెకు వింతగా తోచలేదు. తనూ ఉపవాసముంది. ఆమె లోపలికి వచ్చేసరికి అప్పటిదాకా గట్టిగా సాగుతున్న ప్రార్థన కాస్త తడబడి, పాస్టరు అయ్యగారు గొంతు సవరించుకొని, "ప్రభువా, ఎండిన భూమిని చూడు తండ్రీ" అని అందుకునేవారు. ఆమె మోకాళ్ల మీద ఉండి, కొంగు నెత్తిన కప్పుకొని, వాన కోసం ఏడ్చి మరీ అడిగేది.

జులైలో చర్చి వార్షికోత్సవం నాడు ఆమె లేచి సాక్ష్యం కూడా చెప్పింది. "రెండేండ్ల కింద నన్ను సావు అంచు దాకా తీసుకపోయి, మళ్లా వెనక్కి తెచ్చినాడు దేవుడు. ఈ దేహంలో రోగం ఆనవాలు లేకుండా తుడిచేసినాడు" అంది. అందరూ స్తోత్రం అన్నారు. కడప నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న ప్రసన్న చప్పట్లు కొట్టింది.

ఆగస్టు స్కాన్ అయ్యాక దాసన్న వచ్చి చెప్పాడు. "మచ్చలు కొంచెం పెరిగినాయంట. సూది పెట్టి కాలుస్తారంట. కోత లేదు, మందు ఎక్కించేది లేదు. ఒక రాత్రి ఉంటే సాలంట."

"పొగ మచ్చలకు ఇంత వైద్యమా?"

"చిన్నగా ఉండంగనే కాల్చేస్తే మంచిది గదమ్మే."

చిన్నగా ఉండగానే కాల్చాలన్నది నిజమే. నిజానికి అంత దగ్గరగా ఉన్న మాట చెప్పాడు కాబట్టే ఆమె ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

సెప్టెంబరులో ఆసుపత్రిలో చేరడానికి పోయిన రోజు, సూది పెట్టే డాక్టరు శివజ్యోతి ఆమెను గదిలోకి పిలిపించింది. వయసులో చిన్నది. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకొని కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. దాసన్న కుర్చీలోంచి లేచాడు.

"మేడమ్, ఏమున్నా నాకు చెప్పండి. ఆమె శానా భయస్తురాలు."

"సూది దిగేది ఆమె ఒంట్లో కదా పెద్దాయనా. ఆమెకే చెప్పాలి. కూర్చోండి" అని, డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టింది. "అమ్మా, పేగులో మీకు వచ్చిన క్యాన్సరే రక్తంలో పడి ఊపిరితిత్తికి పాకింది. కుడి వైపు రెండు చోట్ల ఉంది. ఇది శనగగింజంత, ఇది రేగుపండంత. మేలో చూసినదానికంటే కొంచెం పెరిగాయి. కొత్తవేమీ రాలేదు. అందుకే కాల్చే వైద్యం మీకు పనికొస్తుందనుకున్నాం."

జ్ఞానమణి తెర వైపు చూడలేదు. భర్త వైపు చూసింది. అతను మోకాళ్ల మీద పంచె సవరించుకుంటున్నాడు, అక్కడ ఏదో అంటుకున్నట్టు.

"మేలోనే తెలిసిందా మేడమ్?"

డాక్టరమ్మ ఆమెనూ, ఆయననూ మార్చి మార్చి చూసింది. నెత్తి మీది కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మీకు చెప్పలేదా అమ్మా?"

"ఇప్పుడు చెప్పినావు గదా తల్లీ. మిగతాది కూడా నువ్వే చెప్పు. ఏదీ దాచొద్దు. ఆయప్ప బయట కూర్చుంటాడు."

దాసన్న ఏదో అనబోయాడు. ఆమె తలుపు వైపు చూపించింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయనను ఆమె అలా బయటికి పంపింది లేదు. అతను పోయాడు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని, తొందర లేకుండా చెప్పింది. రేపు పొద్దున ఏమీ తినకూడదు. మత్తు ఇస్తారు, నొప్పి తెలియదు. స్కాన్ మిషన్‌లో పడుకోబెట్టి, మచ్చ ఎక్కడుందో చూసుకుంటూ పక్కటెముకల నడుమ నుంచి సన్నటి సూది లోపలికి పోనిస్తారు. సూది మొన మచ్చ మధ్యలో కూర్చున్నాక కొన్ని నిమిషాలు వేడి పెడతారు. మచ్చా, దాని చుట్టూ కొంత మంచి కండా కలిసి కాలిపోతాయి. తర్వాత రెండోదానికి కూడా అంతే.

"తర్వాత?"

"తర్వాత ఛాతీలో నొప్పి ఉంటుంది. మందు ఇస్తాం. నాలుగైదు రోజులు ఒళ్లు వెచ్చబడి, జ్వరం తగిలినట్టు నీరసంగా ఉంటుంది. దగ్గితే కళ్లెలో కాస్త రక్తం జీర పడొచ్చు, భయపడొద్దు. ఎక్కువ రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, ఊపిరాడకపోయినా మాత్రం ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే రావాలి. ఇంకొకటి. సూది పోయిన దారిలో గాలి కారి ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది కొందరికి. కొంచెమైతే అదే ఇంకిపోతుంది. ఎక్కువైతే పక్కలో చిన్న ట్యూబు పెట్టి గాలి తీస్తాం. అట్లయితే ఇంకో రెండు రోజులు ఉండాల్సి వస్తుంది."

"దీంతో పోతుందా మేడమ్, పూర్తిగా?"

డాక్టరమ్మ తెర మీది మచ్చలు చూపించింది. "కంటికి కనబడినవి కాలుస్తా. కనబడనివి ఉంటే నేనేమీ చేయలేను. కొందరికి ఏళ్ల తరబడి మళ్లీ రాదు. కొందరికి వస్తుంది, మళ్లీ కాలుస్తాం. పోతుందని మాట ఇస్తే అబద్ధమవుతుందమ్మా."

అబద్ధమన్న మాట దగ్గర జ్ఞానమణికి అంతదాకా రాని ఏడుపు వచ్చింది. క్యాన్సర్ అన్నందుకు కాదు. ఒక పరాయి ఆడది తనను మనిషిగా లెక్కపెట్టి మాట్లాడుతోంది, తన వాళ్లు పెట్టలేదు.

మధ్యాహ్నానికి ప్రసన్న కడప బస్సు దిగి వచ్చింది. చేతిలో క్యారియరు, మొహాన ఎప్పటి నవ్వు. మంచం దగ్గరికి వచ్చేసరికి బావ గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడగానే ఆమెకు అర్థమైంది. క్యారియరు కింద పెట్టింది.

"అక్కా..."

"మేలో నువ్వు ఆ గదిలోనే ఉంటివి గదా?"

"ఉన్నానక్కా."

"సాక్ష్యం చెప్తాంటే ముందర్నే కూర్చుంటివి. రోగం ఆనవాలు లేదని నేనంటాంటే చప్పట్లు కొడితివి."

ప్రసన్న క్యారియరును మంచం కిందికి జరిపింది.

"అయ్యగారికి తెలుసా?"

"తెలుసు."

"ఇంకా ఎవరికి?"

ప్రసన్న బావ వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. "అందరికీ తెలుసక్కా. శుక్రవారం ఉపవాసాలు నీ కోసమే పెట్టినారు. వాన కోసమని నీకు చెప్పమన్నది... అయ్యగారే. నీకు మనసు కష్టం కాగూడదని."

జ్ఞానమణికి ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. తను లోపలికి రాగానే తడబడిన ప్రార్థన. చర్చికి వచ్చే నరసన్న పెళ్లాం ఊరికే వచ్చి కౌగిలించుకోవడం. గరిటె అందుకుంటూ సుబ్బరత్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకొని వదలకపోవడం. అందరి మధ్య మోకాళ్లూని, తన రోగం సంగతి తనకే తెలియకుండా, ఆకాశం వైపు చేతులు చాపి వాన అడిగిన మనిషి ఒక్కతే. ఊరంతా ఒక వైపు, తను ఒక వైపు. జాలి పడుతూనే నాటకం ఆడారు.

"వాళ్లు నాకోసం ఏడుస్తాంటే, నేను వాళ్ల చేల కోసం ఏడిస్తి" అంది. "నవ్వుకోలేదా పాపా ఎవరూ?"

"అక్కా, అట్లా అనొద్దు! వాళ్లంతా నిజంగానే..."

"అమ్మ సంగతి నీకు చెప్పినా. చెయ్యి వేసి మాటిస్తివి. మీ బావ దాస్తాడని నాకు తెలుసు, అందుకే నిన్ను అడిగితి. ఆయప్ప మీద నాకు కోపమే. నీ మీద కోపం కాదు, ఇది వేరే."

ప్రసన్న మంచం కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. చెబుదామనే రెండుసార్లు కడప నుంచి వచ్చిందట. అక్క గడపలో కూర్చొని నవ్వుతూ ఎదురొస్తే నోరు పెగల్లేదట. రోజూ రోగుల బంధువులకు ధైర్యం చెప్పే నోరు అది. జ్ఞానమణి అంతా విన్నది. తల నిమరలేదు.

అప్పుడు దాసన్న గోడ దగ్గర నుంచే అన్నాడు. "తప్పు నాది. ఆ పిల్లతో నేనే ఒట్టు ఏయించుకుంటి. ఆ మందు ఎక్కించే రోజుల్లో నువ్వేమంటివి? ఇంకోసారి ఇది వస్తే నేను ఆస్పత్రి గడప తొక్కను, సచ్చినా సరే అంటివి. అన్నావా లేదా? నువ్వు అంటే అన్నట్టు చేస్తావు. నాకు భయమైంది. ఎట్లన్నా సరే ఆ సూది దాకా నిన్ను తీసుకరావల్లనుకుంటి."

ఆ మాటలో ప్రేమ ఉందని ఆమెకు తెలుసు. అది తెలిసినా లోపల మంట తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"రాను అంటానో, వస్తానో, అది నేను చెప్పే మాట గదయ్యా. మేకను తోలుకొచ్చినట్టు తోలుకొస్తివి."

"ఇప్పుడేం జేస్తావు? ఎల్లిపోదామా?" అన్నాడతను.

ఆమె పోదామనే అనుకుంది. ఆ పూట లేచి, చెప్పులేసుకొని, బస్టాండుకు పోయి, వాళ్లిద్దరినీ అక్కడే వదిలేసి పోవాలనిపించింది. కానీ వాళ్ల మీది కోపానికి తన ఊపిరి ఎందుకు పణం పెట్టాలి? డాక్టరమ్మ చెప్పిన నొప్పి, జ్వరం, ట్యూబు అన్నీ మనసులో మళ్లీ లెక్క వేసి చూసుకుంది. మందు ఎక్కించిన ఆ ఆరు నెలలతో పోలిస్తే ఇది భరించగలిగినదే అనిపించింది.

"ఉంటా" అంది. "మీరు తీసుకొచ్చినారని కాదు. నాకు చెప్పినాక, నేను ఒప్పుకొని ఉంటాండా."

మర్నాడు పొద్దున ఆమెను చక్రాల మంచం మీద తీసుకుపోయారు. స్కాన్ గది చలికి వేళ్లు జివ్వున లాగాయి. డాక్టరమ్మ దుప్పటి కప్పించి, "అమ్మా, మత్తు మొదలుపెడుతున్నాం" అని చెప్పి మరీ మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమెకు ఏమీ తెలియదు.

మెలకువ వచ్చాక కుడి పక్క ఎవరో మోకాలితో అదిమి కూర్చున్నట్టుంది. ఎక్స్‌రే తీశారు. గాలి చేరిందన్నారు. సాయంత్రానికి ఊపిరి పైపైనే ఆడటం మొదలైంది. పక్కలో ట్యూబు పెట్టారు. దాసన్న బెదిరిపోయి నర్సుల వెంట పడ్డాడు, "ఏమైందమ్మా, ఏదన్నా తప్పు జరిగిందా?" అని. జ్ఞానమణి అంత నొప్పిలోనూ చెయ్యెత్తి ఆయనను ఆపింది.

"కొందరికి ఇట్లయితుందని ముందే చెప్పిందిలే ఆయమ్మ. రెండు రోజుల్లో తీస్తారు."

అలాగే తీశారు. ఆ రెండు రోజులూ ప్రసన్న పక్కనే ఉంది. తల దువ్వింది, ఒళ్లు తుడిచింది, దగ్గు వస్తే దిండు ఛాతీకి అదిమి పట్టుకొమ్మని చూపించింది. చేయించుకోవాల్సినంత వరకు జ్ఞానమణి చేయించుకుంది. చెల్లెలి చేతుల్లో తప్పులేదు. ఆ చేతుల్నే తను పెంచింది. కానీ ప్రసన్న "నొప్పి తగ్గిందాక్కా?" అని అడిగితే నర్సుకు చెప్పినట్టు జవాబు చెప్పింది. అది ప్రసన్నకు తెలుస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక వారం రోజులు ఒళ్లు వెచ్చబడింది. కళ్లెలో ఎర్ర జీర కనబడి పోయింది. అయ్యగారు చూడటానికి వచ్చి, ప్రార్థన చేస్తానంటే చేయనిచ్చింది. ఆయన కళ్లు మూసుకోబోతుంటే, "అయ్యగారూ, రోగం పేరు పెట్టి చేయండి. నాకు ఇనబడాల" అంది. ఆయన పేరు పెట్టి చేశాడు, మధ్యలో రెండుసార్లు ఆగాడు. సుబ్బరత్నమ్మ వచ్చి పని తిరిగి ఇచ్చేస్తానంటే జ్ఞానమణి ఒప్పుకోలేదు. సుబ్బరత్నమ్మ ఇల్లు ఆ పనితోనే నడుస్తోందిప్పుడు.

డిసెంబరులో మళ్లీ స్కాన్ తీశారు. ప్రసన్న కూడా వచ్చింది. ఫిల్ము వెలుతురుకు పట్టుకొని చూసేసరికి దాసన్న మొహం పాలిపోయింది. పాత మచ్చ రేగుపండంత ఉండాల్సింది, నిమ్మకాయంత తెల్లగా కనబడుతోంది.

"పెద్దదయిందే జ్ఞానా!"

"కాదు. కాలిన జాగా అది. మచ్చతో పాటు చుట్టూ కాలిస్తే పెద్దగానే కనబడుతుంది. పోనుపోను ముడుచుకుపోతుందంట" అని, ఫిల్ము తీసుకొని గదిలోకి ఒక్కతే పోయింది.

బయటికి వచ్చేసరికి భర్తా, చెల్లెలూ బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డారు. ఆమె వాళ్లను కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"కాల్చినవి రెండూ సల్లబడినాయంట. ఎడం పక్క ఆవగింజంత ఒకటి కనబడుతుండాది. అది ఏందో ఇప్పుడే చెప్పలేమన్నారు. మార్చిలో సూస్తారు. పెరిగితే దాన్ని కూడా కాలుస్తారు."

ప్రసన్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాసన్న, "ఆవగింజంతే గదా, ఏం కాదులే" అనబోయి, ఆమె చూపు చూసి ఆపేశాడు.

కడప బస్సు కదలడానికి ఇంకా సమయముంది. ముగ్గురూ బస్టాండులో నిలబడ్డారు. దాసన్న నీళ్ల సీసా కొనుక్కొస్తానని పక్కకు పోయాడు. ప్రసన్న చాలాసేపు చీర అంచు వేలికి చుట్టుకుంది.

"ముందు మాదిరి నాతో మాట్లాడవా అక్కా?"

"మాట్లాడతానే ఉండా గదా."

"మాట్లాడతాండావు. ముందు మాదిరి కాదు."

జ్ఞానమణి చెల్లెలి మొహం చూసింది. చంకలో ఎత్తుకొని తిప్పిన మొహం. ఏదో ఒక తీపి మాట చెప్పి బస్సు ఎక్కించడం తేలికే. ఈ పిల్ల దారంతా ఏడవకుండా పోతుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"నువ్వు ఏదన్నా చెప్తే, నిజమేనా అని ఒకసారి ఆలోచన చేస్తాండా పాపా. ఇదివరకు చేసేదాన్ని కాదు" అంది. "అది పోవల్లంటే శానా దినాలు పడుతుంది. నాకు ఎన్ని దినాలుండాయో తెల్దు. అంతకంటే నేనేం చెప్పలేను."

ప్రసన్న తల ఊపింది. బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చొని, బస్సు కదిలేదాకా అక్కనే చూసింది. జ్ఞానమణి కూడా చూపు తిప్పుకోలేదు.

దాసన్న సీసా తెచ్చి ఇచ్చాడు. కొంచెం దూరం నడిచాక, జంకుతూ అడిగాడు. "మార్చిలో నేను తోడు రావల్నా, వద్దా?"

"రా. లోపలికి మాత్రం నేనొక్కదాన్నే పోతా" అని, ఆమె నందికొట్కూరు బస్సు ఆగే చోటు వైపు నడిచింది. అతను వెనకే వచ్చాడు.